పెంచుకున్న కుక్క పోతే ఏం చెయ్యాలి, ఆగిన సీరియల్ మళ్ళీ ఎలా ఎత్తుకోవాలి

నేను మగవాళ్ళిద్దరి మధ్య ప్రేమకథలు రాస్తాను, కలం పేరుతో. 2018 సెప్టెంబర్ 6న మగవాళ్ళిద్దరు ఇష్టపడి కలిసున్నా నేరం అనే 377 సెక్షన్ మీద, అది నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక ధైర్యం వచ్చి మొదలుపెట్టాను. ఉండేది విజయవాడ భవానీపురం. 2025 మేలో మా జున్ను పోయింది. 2013లో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల ముందు అట్టపెట్టెలో దొరికిన నాటు కుక్క, పన్నెండేళ్ళు మాతో ఉంది. మాతో అంటే నాతో, మావాడితో. వీధిలోవాళ్ళకి మేం రూమ్మేట్స్, ఇంటి ఓనర్ గారికి చుట్టాలం, జున్నుకి మాత్రం మేం ఏమిటో చెప్పాల్సిన పని ఎప్పుడూ రాలేదు, పన్నెండేళ్ళు మా ఇద్దరి మంచం మధ్యలో పడుకుంది. అలాంటి ప్రాణి పోతే ఎవరి దగ్గర ఏడవాలో కూడా తెలీదు, అందుకని మాకు పనికొచ్చినవి, ముందే తెలిసుంటే బాగుండేదనిపించినవి ఇక్కడ రాస్తున్నా.

కుక్క ముసలిదవుతున్నప్పుడే హాస్పిటల్ ఫైల్లో ఇద్దరి పేర్లూ, ఇద్దరి ఫోన్ నంబర్లూ రాయించేయండి. మన పెళ్ళికి చట్టంలో చోటు లేదు, 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు అది మా చేతుల్లో లేదు పార్లమెంటు చూసుకోవాలంది, సరే, కుక్క ఫైల్లో ఇద్దరి పేర్లు ఉండటానికి మాత్రం ఎవరూ అడ్డం చెప్పరు. ఆరోజు, బాధ లేకుండా ప్రాణం పోవడానికి ఇచ్చే చివరి ఇంజెక్షన్ కాగితం మీద సంతకం అడిగితే నా చెయ్యి వణికిపోయి పెన్ను నిలవలేదు, మావాడు తీసుకుని పెట్టాడు. సంతకం కింద ఓనర్ అని అచ్చేసి ఉంది. ఆ కాగితం జిరాక్స్ తీయించి దాచుకున్నా.

ఇంజెక్షన్ గురించి ఎవరూ ముందు చెప్పరు కాబట్టి చెప్తున్నా. మామూలుగా ముందు మత్తు ఇస్తారు, అది పూర్తిగా నిద్రలోకి జారాక మత్తుమందే ఎక్కువ డోసులో నరానికి ఎక్కిస్తారు, కాసేపట్లో గుండె ఆగిపోద్ది. కళ్ళు మూసుకోవు, తెరిచే ఉంటాయి. ఆ తర్వాత కూడా ఒకటి రెండు సార్లు ఊపిరి పీల్చినట్టు కదలొచ్చు, ఒంటేలు కూడా పోయుద్ది. అది బాధ కాదు, బతికున్నట్టూ కాదు, కండరాలు వదిలేయడం. ఇది తెలీక నేను డాక్టర్ గారి మీద అరిచాను. మీరు ముందే అడిగి తెలుసుకుని వెళ్ళండి, తల మీ ఒళ్ళో పెట్టుకోండి, పాత దుప్పటి ఒకటి, టవల్ ఒకటి తీసుకెళ్ళండి.

ముందే తీసుకెళ్ళుంటే బతికేదేమో అని రాత్రుళ్ళు నమిలేస్తది. దానికి మందు డాక్టర్‌నే ఒక్కసారి సూటిగా అడిగేయడం. జున్నుకి కిడ్నీలు. మా డాక్టర్ గారు చెప్పిందేంటంటే రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, పెరిగినట్టు కనపడేసరికే కిడ్నీల్లో ముప్పాతిక వంతు పని ఆగిపోయి ఉంటదంట, అప్పటిదాకా కుక్క మామూలుగానే తిని తిరుగుద్ది, మహా అయితే నీళ్ళు కాస్త ఎక్కువ తాగుద్ది. అది విన్నాక నేను ఆ రాత్రి నాలుగు గంటలు నిద్రపోగలిగాను. మీ ఇంట్లో ముసలి కుక్క ఉంటే ఏడాదికోసారైనా రక్తపరీక్ష చేయించండి.

తర్వాత శరీరం. కొన్ని గంటల్లోనే బిగుసుకుపోద్ది కాబట్టి అది నిద్రపోయేటప్పుడు ఎలా ముడుచుకునేదో అలా కాళ్ళు మెల్లగా మడిచి దుప్పట్లో చుట్టండి. మాది రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ, జ్యూస్ షాపు నుంచి ఐస్ గడ్డ తెచ్చి గోనెపట్టాలో పెట్టి పొట్ట కింద ఉంచాం. కృష్ణలో గానీ కాలవల్లో గానీ వదలకండి, ఊరంతా తాగేది ఆ నీళ్ళే. మున్సిపాలిటీ శానిటేషన్ వాళ్ళకి చెప్తే తీసుకెళ్తారు, చోటు లేనివాళ్ళకి అది తప్పు కాదు, మనసొప్పకపోతే వేరే దారి చూసుకోండి. పూడ్చేటట్టయితే మూడు నాలుగు అడుగుల లోతు ఉండాలి, బావికి బోరుకి దూరంగా, ప్లాస్టిక్ కవర్ లేకుండా బట్టలోనే, పైన రాళ్ళు పేర్చండి లేకపోతే వీధికుక్కలు తవ్వుతాయి. పోయింది పార్వోతో, అంటే కుక్కలకి వచ్చే వాంతులు విరేచనాల వైరస్ జబ్బుతో అయితే ఇంకో జాగ్రత్త, ఆ వైరస్ ఇంట్లో, మట్టిలో నెలల తరబడి బతికే ఉంటది, టీకాలన్నీ పడని కుక్కపిల్లని ఆ ఇంటికి తేకండి.

మాకు చోటు లేదు. ఆరోజు మధ్యాహ్నం నా కథలు చదివేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్క లైను పెట్టా, జున్ను పోయింది, పెట్టడానికి చోటు లేదు అని. పది నిమిషాల్లో ఒక అక్క ఫోన్ చేసింది, అంతకుముందు మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. బ్యారేజీ దాటి ఉండవల్లి అవతల మా తోట ఉంది తమ్ముడూ, తీసుకొచ్చేయండి అంది. మేం వెళ్ళేసరికి వాళ్ళాయన గడ్డపారతో తవ్వుతున్నారు, నేల ఇనుములా ఉంటే రెండు బిందెలు పోసి నానబెట్టారంట. గుంట అడుగున కల్లుప్పు, పసుపు చల్లారు, మా పశువుల్ని ఇలాగే పెడతాం అన్నారు. అక్క చిన్న స్టీల్ గిన్నెలో పెరుగన్నం తెచ్చింది, మూడేళ్ళ క్రితం ఒక కథలో నేను కుక్కకి పెరుగన్నం కలిపే సీను రాశానంట, నాకే గుర్తులేదు. గుంటలో మట్టి వేసేటప్పుడు మా ఇద్దర్నీ చూసి ఇద్దరూ కలిపి వెయ్యండి, బిడ్డ మీ ఇద్దరిదీ కదా అంది. నేను అప్పటిదాకా ఏడవలేదు.

అందుకని నేను గట్టిగా చెప్పేది ఇదే, చెప్పండి. మిమ్మల్ని మీ కలం పేరుతో ఎరిగినవాళ్ళకి చెప్పండి. ఒంట్లో బాలేదు, ఊరెళ్ళాను లాంటివి వద్దు, కుక్క పేరు చెప్పి పోయింది అని రాయండి. కాకపోతే ఫోటో పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. మీ అసలు పేరుతో ఉన్న ఫేస్‌బుక్‌లో అదే కుక్క ఫోటో ఉందనుకోండి, చుట్టాల్లో ఒక్కరు రెండూ చూస్తే చాలు ఆ రచయిత మీరేనని తెలిసిపోద్ది. నాకు తెలిసిన కుర్రాడు ఒకడు అలాగే దొరికిపోయి నానా ఇబ్బంది పడ్డాడు. గేటు, బండి నంబరు, బెల్టు మీద ఫోన్ నంబరు కనపడకుండా కట్ చెయ్యండి, లేదంటే పాదం ఒక్కటే, తోక ఒక్కటే పెట్టండి. నేను దాని చెవి ఫోటో పెట్టా, ఒకటి లేచి ఒకటి వాలి ఉండేవి.

ఇంట్లోవాళ్ళ సంగతి తేలిగ్గా వదిలేయండి. కుక్క కోసం ఇంత ఏడుపా అనేవాళ్ళు అంటారు, వాళ్ళకి వివరించే ఓపిక ఆ వారం మీకు ఉండదు. మావాడు నాలా ఏడవడు, మూడు రోజులు ఇల్లు కడుగుతూనే ఉన్నాడు, నాకు కోపం వచ్చింది దాని వాసన పోద్దని, తర్వాత అర్థమైంది అతనికి చేతుల్లో పని ఉంటే తప్ప నిలబడలేడు. ఇద్దరూ ఒకేలా బాధపడాలని లేదు, అన్నం మాత్రం కలిసి తినండి. రెండు మూడు వారాలైనా తిండి నిద్ర లేకుండా ఉంటే, బతకాలని లేదు అనిపిస్తే ఇంకా త్వరగా, 14416కి ఫోన్ చెయ్యండి, టెలి మానస్, గవర్నమెంట్‌ది, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక సీరియల్. నాది 34వ భాగం దగ్గర ఆగింది. ఆపుతున్నా అని మూడు లైన్లు రాయండి, మళ్ళీ ఏ తారీఖున అని మాత్రం మాటివ్వద్దు, ఆ తారీఖు నెత్తిమీద కూర్చుంటది. రాయడం పూర్తిగా మానొద్దు కూడా. నేను ఒక నోటుబుక్కులో రోజుకో సంగతి రాసుకున్నా, గచ్చు మీద గోళ్ళ చప్పుడు, ప్రెషర్ కుక్కర్ మూడో విజిల్‌కి వంటింటి గుమ్మంలో హాజరు, మావాడు బండి ఆపితే ఇంజన్ శబ్దం పట్టి లేవడం. అవి వెంటనే కథలో పెట్టకండి. ముఖ్యంగా మీ బాధ తీర్చుకోడానికి కథలో ఉన్న కుక్కని చంపెయ్యకండి, మన పాఠకులు చాలామంది సుఖాంతం కోసమే వస్తారు, వాళ్ళ ఇళ్ళల్లో అది దొరకదు కాబట్టి వస్తారు. నేను నలభై రెండో రోజు 35వ భాగం రాశా, అందులో హీరోలిద్దరూ గొడవపడి మాట్లాడుకోకుండా ఉంటే వీధికుక్క ఒకటి వాళ్ళిద్దరి చెప్పుల మధ్య వచ్చి పడుకుంటది. ఒకే పేజీ. దానికి వచ్చినన్ని ఉత్తరాలు నాకు ముద్దు సీన్లకి కూడా రాలేదు, సగం మంది వాళ్ళ కుక్కల పేర్లు, పిల్లుల పేర్లు రాశారు, ఒకాయన చనిపోయిన ఆవు పేరు రాశాడు. అన్నిటికీ జవాబు రాశా, పేరు పెట్టి.

మనుషుల్ని ఎదురుగా కలవడం కూడా చెయ్యండి, ఫోన్లో ఓదార్పు ఒక హద్దు వరకే. ఊళ్ళో జనవరిలో పుస్తకాల పండగ జరుగుద్ది కదా, అక్కడ కలుద్దాం అనుకున్నాం అయిదారుగురం, కలం పేర్లతోనే పిల్చుకుంటాం, ఎవరూ ఎవరి అసలు పేరు అడగరు.

మిగిలిన వస్తువులకి తొందర పడకండి. తెరవని సెలైన్ బాటిళ్ళు, మందులు డేట్ చూసి డాక్టర్ దగ్గర ఇచ్చేయండి, ఇంకో కుక్కకి పనికొస్తాయి. తిండి ప్యాకెట్లు వీధికుక్కలకి పెట్టేవాళ్ళకి ఇచ్చాం. గిన్నె ఉండవల్లి తోటలో ఉంది, అక్కావాళ్ళ కాపలా కుక్క అందులో నీళ్ళు తాగుద్ది. మా అమ్మ పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా మావాడి సంగతి ఎత్తలేదు, జున్ను పోయిన మర్నాడు ఫోన్ చేసి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆ అబ్బాయి అన్నం తిన్నాడా అని అడిగింది. తినలేదు అని చెప్పా. ఫోన్ అతనికియ్యి అంది.