నవంబర్ 5 రాత్రి: ఇంగ్లండ్‌లో బాన్‌ఫైర్ నైట్ జరుపుకొనే విధానం

ఇంగ్లండ్‌లో కాపురం పెట్టిన తెలుగువారికి, బాన్‌ఫైర్ నైట్ నాడు ఆరుబయట వేసే పెద్ద మంట భోగిమంటను తలపిస్తుంది గాని, దీని పుట్టుక పూర్తిగా రాజకీయమైనది. కాథలిక్కులపై ఉన్న ఆంక్షలతో విసిగిన కొందరు, రాబర్ట్ కేట్స్‌బీ నాయకత్వంలో, మొదటి జేమ్స్ రాజు పార్లమెంటును ప్రారంభించే వేళ దానిని పేల్చివేయాలని పన్నాగం పన్నారు. ఒక హెచ్చరిక లేఖ వల్ల సంగతి బయటపడి, 1605 నవంబర్ 4 అర్ధరాత్రి ప్రాంతంలో జరిగిన సోదాలో, పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభ కింది గదిలో 36 పీపాల తుపాకిమందు, దానికి కాపలాగా గై ఫాక్స్ పట్టుబడ్డారు. రాజు బతికి బయటపడ్డాడని లండన్ ప్రజలు మంటలు వేశారు. ఏటా ఆ రోజున కృతజ్ఞతా ప్రార్థనలు జరపాలన్న చట్టం 1859 వరకు అమలులో ఉంది.

నాయకుడు కేట్స్‌బీ అయినా, దహనమయ్యేది ఫాక్స్ దిష్టిబొమ్మే. ‘గై’ అని పిలిచే ఆ బొమ్మను పాత నూలు చొక్కా, ప్యాంటులలో ఎండుగడ్డి, పాత కాగితాలు కూరి తయారుచేస్తారు. ఫాక్స్ చదివిన యార్క్‌లోని సెయింట్ పీటర్స్ పాఠశాలలో మాత్రం పూర్వ విద్యార్థి మీది మర్యాదతో బొమ్మను కాల్చరు.

మంటను ఇళ్లకు, చెట్లకు, కంచెలకు కనీసం 18 మీటర్ల దూరంలో వేయాలి. మామూలు పెరట్లో అంత చోటు ఉండదు కనుక, చాలామందికి ఊరి మైదానంలో జరిగే ప్రదర్శనకు వెళ్లడమే మేలు. సొంతంగా వేసేవారు ఎండిన కట్టెలనే వాడాలి. రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్ వేయరాదు, పెట్రోలు పోయరాదు. ముందురోజుల్లోనే కట్టెలు పేర్చి ఉంచితే, శీతాకాలపు నిద్రకు చోటు వెతుక్కునే హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువులు వాటిలో దూరుతాయి. అందువల్ల కట్టెలను అదే రోజు వేరొక చోటికి మార్చి పేర్చి, అంటించే ముందు టార్చిలైటుతో ఒకసారి చూడాలి.

బాణసంచా కొనడానికి 18 ఏళ్లు నిండాలి. మామూలుగా రాత్రి 11 తర్వాత కాల్చరాదు. ఈ ఒక్క రాత్రి 12 వరకు, దీపావళికి ఒంటిగంట వరకు సడలింపు ఉంది. కాకరపువ్వొత్తులను ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు; పెద్దపిల్లలైనా చేతితొడుగులు వేసుకోవాలి, కాలిన కడ్డీలను వెంటనే నీళ్ల బకెట్‌లో వేయాలి.

తినడానికి కాల్చిన బంగాళాదుంపలు, టాఫీతో పాటు యార్క్‌షైర్ వైపు పార్కిన్ అనే కేకు చేస్తారు. ఓట్స్, శొంఠిపొడి, నల్లని చెరకు పాకంతో చేసే ఈ కేకు నిల్వ ఉన్నకొద్దీ మెత్తబడుతుంది గనుక, కొన్ని రోజుల ముందే చేసి పెట్టుకోవాలి.

ససెక్స్‌లోని లూయిస్ పట్టణంలో ఈ వేడుక అన్నిటికంటే ఉధృతంగా సాగుతుంది. అంతకుముందు ఇంగ్లండ్‌ను ఏలిన కాథలిక్ రాణి మేరీ కాలంలో అక్కడ సజీవదహనానికి గురైన 17 మంది ప్రొటెస్టంట్ల స్మృతిగా మండే శిలువలతో ఊరేగుతారు. ఇరుకు వీధులు, విపరీతమైన జనం, కాగడాలు ఉంటాయి కనుక అక్కడికి చిన్నపిల్లలను తీసుకువెళ్లకపోవడమే మంచిది.