లారీ పాఠాలు – 4: కంపెనీ ట్రైనింగ్‌లో మొదటి రోజులు

గత పాఠంలో ఆర్టీవో ట్రయల్ దాకా వచ్చాం. హెవీ లైసెన్సు చేతికొచ్చింది, ఒక కంపెనీ రమ్మని ఫోన్ చేసింది అనుకుందాం. అది కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు, ఎరువులు, వంటనూనె తోలే కంపెనీ కావచ్చు, చీమకుర్తి గ్రానైటు బ్లాకులు ఎత్తే ట్రాన్స్‌పోర్టు కావచ్చు, రొయ్యల కంటైనర్లు లాగేది కావచ్చు. ఎక్కడ చేరినా మొదటి రోజులు దాదాపు ఒకేలా ఉంటాయి.

చేరబోయే కుర్రాళ్లందరూ అడిగేది ఒకటే. "అన్నా, బండి చేతికి ఎప్పుడిస్తారు?" తొందరగా ఇవ్వరు. ఇవ్వని కంపెనీయే మంచిది. పొద్దున చేరితే సాయంత్రానికి తాళాలు చేతిలో పెట్టి విజయవాడ పొమ్మన్నారంటే, మీ గురించి అక్కడ ఎవరికీ పట్టింపు లేదని అర్థం. తోలడం వచ్చని మీ లైసెన్సు ఎలాగూ చెబుతోంది. ట్రైనరుకు తెలియాల్సింది వేరు. అనుమానం తగిలినచోట ఈ కుర్రాడు ఆగుతాడా, మొహమాటపడి ముందుకు పోతాడా? యార్డులోనూ, రోడ్డు మీదా ఆయన చూసేది అదే.

కాగితాలు, డబ్బు మాట

మొదటి రోజు సగం ఆఫీసులోనే గడిచిపోతుంది. లైసెన్సు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు తీసుకెళ్లండి. ఒరిజినల్ లైసెన్సు చూపించి జిరాక్సు ఇవ్వండి. ఒరిజినల్ మా దగ్గరే ఉంచమంటే ఒప్పుకోవద్దు, రోడ్డు మీద అది మీ దగ్గర ఉండాల్సిన కాగితం. డిజిలాకర్లోనో, ఎం పరివాహన్‌లోనో ఉన్న కాపీ కూడా తనిఖీలో చెల్లుతుంది కాబట్టి ముందే ఫోన్లో దించుకోండి. ఖాళీ చెక్కు మీద, రాయని ప్రోనోటు మీద సంతకం మాత్రం ఎవరడిగినా పెట్టొద్దు.

తర్వాత డాక్టరు దగ్గరికి పంపుతారు. చూపు, రంగులు గుర్తుపట్టడం, బీపీ, షుగర్, వినికిడి చూస్తారు. కళ్లద్దాలు జేబులో దాచుకుని లోపలికి వెళ్లేవాళ్లు ఉన్నారు. దాచొద్దు. అద్దాలు పెట్టుకున్న డ్రైవరుకు ఉద్యోగం పోదు. రాత్రిపూట ఎదురు లైట్లలో మనిషిని పోల్చలేని డ్రైవరుకు మాత్రం అంతకంటే పెద్దదే పోతుంది.

డబ్బు సంగతి ఆరోజే అడగాలి. ట్రైనింగు రోజులకు జీతమా, బత్తా మాత్రమేనా? బండి లోడు కోసం రెండు రోజులు నిలబడితే హాల్టింగ్ డబ్బు ఎవరిది? టైరు పగిలితే, డీజిల్ యావరేజీ తగ్గితే మన జీతంలో కోస్తారా? పీఎఫ్, ఈఎస్ఐ కడతారా? బండి ఇన్సూరెన్సులో జీతం డ్రైవరుకు కవరు ఉందా? ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్లు నోరు మెదపరు, నెలాఖరున గొడవ పడతారు. మర్యాదగా అడిగి, చెప్పిన లెక్క కాగితం మీద రాయించుకోండి. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించుకున్నా నయమే.

క్లాసు రూము

ఒకటి రెండు రోజులు కూర్చోబెట్టి చెబుతారు. నిద్ర వస్తుంది, కానీ కొన్ని అంకెలు రాసుకోవాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి మద్యం ఉంటే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. ఓవర్‌లోడుకు 20,000, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. పెట్రోలు, గ్యాసు, యాసిడ్ ట్యాంకర్లకు మామూలు హెవీ లైసెన్సు చాలదు, 3 రోజుల హజార్డస్ కోర్సు చేసి లైసెన్సులో ఎక్కించుకోవాలి.

బండిలో జీపీఎస్ ఉంటుంది, కొన్నిట్లో మీ మొహం వైపు కెమెరా కూడా ఉంటుంది. సడన్ బ్రేకు, స్పీడు, ఫోను అన్నీ ఆఫీసులో కనబడతాయి. దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. తప్పు మీది కాని యాక్సిడెంటులో మీ తరఫున సాక్ష్యం చెప్పేది కూడా అదే.

బండి చుట్టూ తిరగడం

ఇక యార్డు. ఇక్కడ నిదానంగా చదవండి. ట్రైనింగులో ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది, నా లెక్కలో అన్నిటికంటే విలువైనదీ ఇదే.

రోజూ బండి ఎక్కేముందు ఒకే వైపు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే రావాలి. కుడి ముందు టైరు దగ్గర మొదలుపెట్టారనుకోండి, రోజూ అక్కడే మొదలుపెట్టండి. అలవాటు వరుసలో ఉంటే ఒకటి వదిలేసినా మనసుకు తెలుస్తుంది.

చక్రం దగ్గర వంగి నట్లు చూడండి. నట్టు కింది నుంచి సన్నగా తుప్పు రంగు చార కారి ఉంటే ఆ నట్టు వదులైందని అనుమానించాలి. నట్టు కదిలి ఇనుము రాసుకుంటే అలా చార కడుతుంది. చేత్తో పట్టుకుంటే గట్టిగానే అనిపిస్తుంది, నమ్మొద్దు. పానా వేయించండి.

వెనక జంట టైర్ల మధ్య చెయ్యి కాదు, కళ్లు పెట్టండి. క్వారీ రోడ్డు నుంచి వచ్చిన బండి అయితే టార్చి వేసి చూడాలి. చీమకుర్తి క్వారీల దగ్గర పిడికెడు రాయి రెండు టైర్ల మధ్య ఇరుక్కోవడం మామూలు. అక్కడ అది నెమ్మదిగా టైరు గోడను కోస్తుంది. హైవే ఎక్కి స్పీడు అందుకున్నాక ఊడి వెనక వచ్చే బైకు మీద పడిందా, మనిషి ప్రాణం పోతుంది. క్వారీ గేటు దాటగానే బండి పక్కకు తీసి ఆ రాళ్లు తీసేశాకే మెయిన్ రోడ్డు ఎక్కాలి. ట్రైనరు చెప్పకపోయినా చేయండి.

తర్వాత గాలి. లారీ బ్రేకు గాలితో పనిచేస్తుందని రెండో పాఠంలో చెప్పుకున్నాం. స్టార్ట్ చేసి, గేజీ ముల్లు పైకి లేచి, బజ్జర్ ఆగేదాకా బండి కదపొద్దు. గాలి నిండాక ఇంజను ఆపి, బ్రేకు తొక్కి పట్టుకుని ఒక నిమిషం ముల్లు చూడండి. అది దిగిపోతూ ఉంటే ఎక్కడో లీకు ఉంది. ఈలోగా క్లీనరును బండి పక్కన నిలబడి చెవి పెట్టమనండి, బుస్సుమనే చప్పుడు చెబుతుంది ఎక్కడో. గాలి ట్యాంకు కింద నీళ్లు వదిలే వాల్వు లాగితే వచ్చే నీళ్లు కూడా చూడాలి. నూనె కలిసి పాలలా వస్తే కంప్రెసర్ ఆయిలు పంపుతోందని మెకానిక్కుకు చెప్పండి.

బీఎస్-6 బండి అయితే నీలం మూత ఉన్న ట్యాంకు వేరే ఉంటుంది. అది డెఫ్ (పొగను శుభ్రపరిచే యూరియా ద్రవం) పోసేది. అందులో డీజిల్ పోసినా, డీజిల్ ట్యాంకులో డెఫ్ పోసినా రిపేరు ఖర్చు లక్షల్లోకి పోతుంది. బంకులో కుర్రాడు పోస్తుంటే మీరు దిగి పక్కన నిలబడండి.

రివర్సు

యార్డులో మిమ్మల్ని ఎక్కువగా చెమటలు పట్టించేది ఇదే. కోన్ల మధ్య వెనక్కి పెట్టమంటారు. ఒకేసారి పెట్టాలని ఎవరూ అనలేదు. అనుమానం వస్తే హ్యాండ్ బ్రేకు వేసి, దిగి, వెనక్కి నడిచి చూసి, మళ్లీ ఎక్కండి. నాలుగుసార్లు దిగినా మంచి ట్రైనరు మార్కులు తగ్గించడు. అద్దంలో చూసి సరిపోతుందిలే అని కోను మీదకు ఎక్కించినవాణ్ణే ఆపేస్తాడు. రేపు ఆ కోను ఉన్న చోట గోడౌను గోడ ఉంటుంది, లేకపోతే హమాలీ కూర్చుని బీడీ కాలుస్తూ ఉంటాడు.

క్లీనరు వెనక నిలబడి "రా రా" అంటుంటే, అతను అద్దంలో కనబడినంతసేపే కదలండి. కనబడటం మానేసిన క్షణంలో బ్రేకు. అతని గొంతు వినబడుతోంది కదా అని వెనక్కి పోవడం చాలా ప్రమాదం.

సీనియర్ పక్కన

యార్డు అయ్యాక సీనియర్ డ్రైవరుతో పంపుతారు. మొదట ఖాళీ బండి, తర్వాత లోడు. గంటకు 60 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. మీ కాలు బ్రేకు మీదకు వచ్చి, గాలి చక్రాల దాకా చేరేలోపే అంత దూరం అయిపోతుంది, ఆ తర్వాతే బండి ఆగడం మొదలుపెడుతుంది. కావలి, సింగరాయకొండ, టంగుటూరు దగ్గర డివైడరు ఖాళీల్లోంచి రాంగ్‌సైడు వచ్చే బైకులకు ఈ లెక్క తెలియదు, మనకు తెలిసి ఉండాలి. రాత్రి వెనక రిఫ్లెక్టర్ లేకుండా పోయే ట్రాక్టరు ట్రక్కులు మరీ ఘోరం. మన లైట్లు పడేదాకా అక్కడ బండి ఉందనే తెలియదు.

గ్రానైటు లోడు కొత్తవాళ్లను మోసం చేస్తుంది. ఒక ఘనపు మీటరు రాయి సుమారు 3 టన్నులు. రెండు మీటర్ల 70 సెంటీమీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తు బ్లాకంటే 18 టన్నుల దాకా వచ్చేస్తుంది. చూస్తే బండి సగం ఖాళీగా కనిపిస్తుంది. ఆర్సీలో లోడుతో కలిపి 28,000 కిలోలు, ఖాళీ బండి 9,500 అని ఉంటే మీకు మిగిలింది 18,500 మాత్రమే. "ఇంకో చిన్న బ్లాకు పడుతుంది, ఎక్కించు" అంటారు. కాటా చీటీ చూడకుండా కదలొద్దు.

సీనియర్లలో బంగారం లాంటి వాళ్లున్నారు. నట్టు చప్పుడు విని రోగం చెప్పేవాళ్లు, టీ కూడా తాగనివ్వకుండా ముందు టైర్లు చూడమనేవాళ్లు. అలాంటివారు దొరికితే వదలకండి. కానీ వాళ్లలోనే కొందరు డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేస్తారు. గిద్దలూరు దాటి దిగువమెట్ట దగ్గర నల్లమల ఘాట్‌లో మలుపు మలుపుకూ దిగుడే. న్యూట్రల్లో ఇంజను పట్టు ఉండదు, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారి మూసి ఇంజనుతోనే బండి స్పీడు తగ్గించేది) పనిచేయదు, మొత్తం బరువు చక్రాల బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది. కాలిన వాసన వచ్చిందంటే లైనర్లు వేడెక్కి బ్రేకు పట్టు తగ్గిపోతోందని అర్థం. దిగుడు మొదలుకాకముందే చిన్న గేరులోకి వచ్చి, అదే గేరులో దిగాలి.

పెద్దాయన న్యూట్రల్ వేయమంటే ఎలా కాదనడం? ఎదిరించక్కర్లేదు. "అన్నా, నాకింకా అంత చెయ్యి తిరగలేదు, గేరులోనే దించుతా" అనండి. మహా అయితే "ఏందబ్బయా, అంత భయమా" అంటాడు. అననివ్వండి.

నిద్ర, ఆపడం, కాగితం

మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టం వచ్చిన 1961 నుంచీ రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అనే లెక్క ఉంది. రోడ్డు మీద అది ఎంత అమలవుతోందో మీరే చూస్తారు. నాకు దీని మీద చాలా బాధ ఉంది. తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య కళ్లు మూతపడుతుంటే టీ, కిళ్లీ, మొహాన నీళ్లు కాసేపే ఆపుతాయి. లారీలు ఆపే చోటు చూసుకుని 20 నిమిషాలు పడుకోండి. ఆఫీసు నుంచి ఫోన్ వస్తే "నిద్ర వస్తోంది, ఆపాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ మాటకు తిట్టే కంపెనీ అయితే, ట్రైనింగులోనే తెలిసిపోవడం మంచిది.

బండి చెడిపోతే రోడ్డు మీద వదలకుండా ఎడమ అంచుకు తీసి, నాలుగు లైట్లూ వేసి, త్రికోణం బోర్డు కనీసం 50 మీటర్లు వెనక పెట్టండి. మనవాళ్లు రాళ్లు పెడతారు, పోయేటప్పుడు అక్కడే వదిలేస్తారు. వెనక వచ్చే స్కూటరు వాడికి అవి కనపడవు. హైవే సాయానికి 1033, అంబులెన్సుకు 108, ఈ రెండు నంబర్లూ ఫోన్లో ఎక్కించుకోండి.

ఈ-వే బిల్లు (సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం) చదవడం కూడా నేర్పుతారు. 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. చీమకుర్తి నుంచి చెన్నై పోర్టు 300 పైచిలుకు కాబట్టి 2 రోజులు ఇస్తారు. అందులో బండి నంబరు మీ బండిదేనా అని గేటు దాటకముందే చూడండి. దారిలో బండి మారితే కొత్త నంబరు ఎక్కించాల్సిందే. గడువు అయిపోయేలా ఉంటే ఆఫీసుకు ముందే చెప్పండి, ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల వరకు పొడిగించుకోవచ్చు.

ఈ వారం పని

మీ ఊళ్లో తెలిసినవారి లారీ ఏదైనా ఆగి ఉంటే అడిగి, చుట్టూ తిరగండి. నట్ల కింద చారలు, జంట టైర్ల మధ్య రాళ్లు, గాలి ట్యాంకు వాల్వు, డెఫ్ మూత ఎక్కడున్నాయో వెతికి నోట్‌బుక్కులో బొమ్మ వేయండి. ఆర్సీ చూపిస్తే అందులోని రెండు బరువుల తేడా కట్టి, ఆ బండి ఎంత ఎత్తగలదో రాసిపెట్టుకోండి. 5వ పాఠంలో తాడు ముడులు, పట్టా కప్పడం, గ్రానైటు బ్లాకుకు చెక్కలు, గొలుసులు వేయడం మొదలుపెడదాం. అప్పుడు ఆ లెక్క మళ్లీ కావాలి.