కంపెనీ స్కీమ్ పట్టే ముందు లెక్క జూస్కోండ్రి

వానాకాలం మొదలైతుందంటే చాలు మా దేవరకొండ దిక్కు ఎరువులు, పురుగుమందుల షాపులల్ల కంపెనీ పిలగాండ్ల తాకిడి షురూ, ఒకడు గోవా అంటడు, ఒకడు బంగారం కాసు అంటడు, ఇంకొకడు పదికి ఒకటి ఫ్రీ అంటడు. కొత్తగ షాపు పెట్టినోళ్ళు ఫోన్ జేసి అన్నా ఏది పట్టాలె అని అడుగుతుండ్రు, అందరికీ ఒకటే చెప్పలేక ఇక్కడ రాస్తున్న.

ముందుగాల ఫ్రీ అనే మాట మర్చిపోయి సీసా నీకు ఎంతల పడ్తుందో జూడు. 500 సీసా పదికి ఒకటి ఫ్రీ అంటే 5,000కు 11 సీసాలు, అంటే ఒక్కోటి 454 రూపాయల చిల్లర. మనం 10 శాతం తగ్గిందనుకుంటం గానీ తగ్గింది 9 శాతమే. పక్క కంపెనీ ఏ ఫ్రీ లేకుండ 450కే ఇస్తుండొచ్చు, అడిగి జూడు.

అసలు దెబ్బ టార్గెట్ స్లాబుల, అంటే ఇంత మాలు ఎత్తితే ఇంత ఇనాం అనే కాడ తగుల్తది. నాకు తగిలింది కాబట్టి లెక్క పెట్టి చెప్త. 100 బాక్సులు ఎత్తితే మొత్తం మీద 3 శాతం క్రెడిట్ నోట్, అంటే మన ఖాతాల అంత జమ అన్నరు, బాక్సు 6,000. సీజన్ అయ్యేటప్పటికి 80 అమ్మిన, ఆ కంపెనీ పిలగాడు, రెప్ అంటం గదా, రోజూ ఫోన్, అన్నా ఇంకో 20 ఎత్తు అన్నా, 18,000 పోగొట్టుకుంటవా అని. ఎత్తిన. 1,20,000 మాలు, అవి తెచ్చిన పైసలకు నూటికి రెండు రూపాయల మిత్తి, ఆరు నెలలకు 14,400 అయింది. మిగిలింది 3,600. అండ్ల రెండు బాక్సులు డేట్ అయిపోయినయి, వాపస్ తీస్కోలేదు, 12,000 పాయె. అంటే ఇనాం కోసం ఉరికి 8,400 చేతుల నుంచి పెట్టిన. అందుకే టార్గెట్ ఒప్పుకునే ముందు పోయినేడు నువ్వు నిజంగ ఎంత అమ్మినవో పుస్తకం తీసి జూడు, మిగిలిన మాలు వాపస్ తీస్కుంటరా లేదా కాగితం మీద రాపిచ్చుకో. వాట్సాప్ల రెప్ చెప్పిన మాట రెప్ ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకనే.

ట్రిప్ ఫ్రీ అనుకోకు. 2022 జులై నుంచి ఏడాదిల ఒక్క కంపెనీ ఇచ్చే ఇసొంటి లాభాలు 20,000 దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను ఉంటది, నీ పాన్ మీద ఎక్కుతది, ఆదాయం కింద చూపియ్యాలె.

ఇగ న్యాయం సంగతి. రేటు తగ్గిచ్చి అమ్ముకుంటే అది పోటీ, ఎవ్వరిదీ తప్పు కాదు. కానీ స్కీమ్ కాగితం కింద చిన్న అక్షరాలల్ల పక్క కంపెనీ మాలు పెట్టొద్దు, ఇంత కంటె తక్కువకు అమ్మొద్దు, ఇది కావాల్నంటే అది గూడ తీస్కోవాలె అని ఉంటే ఆగు. 2002 కాంపిటీషన్ చట్టంల ఈ మూడింటి గురించీ ఉంది. అట్లని ప్రతి కండిషనూ నేరం కాదు, మార్కెట్ల పోటీ దెబ్బతింటుందా లేదా చూస్తరు. డీలర్లు ఎక్కువ డిస్కౌంట్ ఇయ్యకుండ కట్టడి చేసిందని మారుతి సుజుకికి 2021ల కాంపిటీషన్ కమిషన్ 200 కోట్ల జరిమానా ఏసింది, వాళ్ళు అప్పీల్‌కు పోయిన్రు. ఎంఆర్‌పీ అంటే గూడ అంతకు మించి అమ్మొద్దని, తక్కువకు అమ్మొద్దని కాదు.

యూరియా కాడ మరీ పైలం. 266.50 బస్తాకు నానో యూరియా సీసానో జింకో లింకు పెట్టి, ఇది తీస్కుంటేనే అది అని పైనుంచి మనకు అంటగడ్తరు, మనం రైతుకు అంటగడ్తం. దొరికితే మన లైసెన్స్‌కే ఎసరు. లింకు పెట్టి పంపితే బిల్లు, మెసేజ్ దాచిపెట్టి మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగ ఇయ్యి.

మనం గూడ ఏం తక్కువ లేము. ఊర్లె షాపులోళ్ళం కూసొని అందరం ఇదే రేటుకు అమ్ముదాం అనుకుంటమే, అది గూడ ఆ చట్టం కిందికే వస్తది, కంపెనీలను తిట్టేటప్పుడు ఇది మాత్రం ఎవ్వడూ యాది చేస్కోడు.

కౌంటర్ల పిలగానికి సీసా మీద కమీషన్ మాత్రం పెట్టకండ్రి. నేను ఒక టానిక్ మీద సీసాకు 30 పెట్టిన. పది రోజులకు ఒక రైతు పత్తికొమ్మ పట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టిండు, ఆకులు అంచుల కాడ ఎర్రబడి ముడుసుకపోయి ఉన్నయి, కింద తిప్పితే పచ్చదోమ ఇంకా కదులుతుంది. "ఏం సేటూ, దోమకు మందడిగితే బలానికి మందిస్తిరి" అన్నడు. పిలగాడు తల దించుకున్నడు, నాకూ ఏం మాట రాలే, పైసలు ఆశ చూపింది నేనే గదా. మందు మార్చి ఇచ్చిన, రెండు పిచికార్ల కూలి ఉద్దెరల కొట్టేసిన. ఇప్పుడు సీసా మీద పైసలు బంద్, దసరాకు ఒక నెల జీతం ఎక్కువ ఇస్తున్న. ఆ టానిక్ బాక్సులు నాలుగు ఇంకా అటక మీదనే ఉన్నయి.