ఎత్తు మీద కారు వెనక్కి జారడం: నాకు కుదిరిన పద్ధతి

గేర్ల కారు నేర్చుకునేవాళ్లు తరచూ అడిగేదే. ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు బండి వెనక్కి జారుతుంది, లేదా ఇంజిన్ ఆగిపోతుంది. బ్రేక్ మీంచి కాలు చటుక్కున మార్చడం, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం, క్లచ్ సగం వదిలి ఆ హాఫ్ క్లచ్‌లోనే నిలబెట్టడం, ఏదీ నాకు నిలకడగా కుదరలేదు.

చివరికి కుదిరింది హ్యాండ్‌బ్రేక్‌తో. ముందు దాన్ని పూర్తిగా లాగి, క్లచ్ తొక్కి ఫస్ట్ గేర్ వేశాను. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి, ఇంజిన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లుని 1500 దగ్గర నిలిపాను. క్లచ్ నెమ్మదిగా వదులుతూ వస్తే ఒకచోట క్లచ్ పడుతుంది: ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కాస్త పైకి లేచినట్టు ఉంటుంది. అసలు కీలకం ఇక్కడే: ఎడమకాలు అక్కడే కదలకుండా ఉంచాలి. అప్పుడు బటన్ నొక్కి హ్యాండ్‌బ్రేక్ దించితే కారు జారదు, మెల్లగా ముందుకే వెళ్తుంది. బాగా కదిలాకే క్లచ్ పూర్తిగా వదలాలి. ఎంత టెన్షన్ తగ్గిందో!

అయితే నా మొదటి పెట్రోల్ కారులో క్లచ్ చాలా పైకి వచ్చాక గానీ పట్టేది కాదు. తర్వాతి డీజిల్ కారులో కాస్త వదలగానే పట్టేసేది, యాక్సిలరేటర్ కూడా అంత అక్కర్లేదు. కాబట్టి 1500 అన్ని కార్లకూ సరిపోతుందని చెప్పలేను. మీ క్లచ్ ఎక్కడ పడుతుందో ముందు చదును నేల మీద చూసుకోండి. హ్యాండ్‌బ్రేక్ బదులు ఎలక్ట్రానిక్ బటన్ ఉన్న కార్లలో ఇది ఇలాగే కుదరకపోవచ్చు.