డైలాగ్ తెరిచాక ఫోకస్ ఎటు పోయింది? ఆండ్రాయిడ్ యాప్‌లలో విండో ఫోకస్ సమస్యలు, పరిష్కారాలు

డైలాగ్ తెరిచిన తరువాత యాప్ వింతగా ప్రవర్తిస్తోందని తెలియగానే చాలామంది యాక్టివిటీ (యాప్‌లోని ఒక్కో తెరను నడిపే భాగం) కోడ్‌ను పైనుంచి కిందికి చదవడం మొదలుపెడతారు. దానికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: ఆ క్షణంలో ఫోకస్ ఏ విండో దగ్గర ఉంది? ఆండ్రాయిడ్‌లో యాక్టివిటీకి ఒక విండో ఉన్నట్టే, దాని మీద తెరిచే ప్రతి డైలాగ్‌కూ సొంత విండో ఉంటుంది. రెండూ ఒకే యాప్‌వైనా, ఒకే తెర మీద కనిపిస్తున్నా, కీబోర్డు నుంచి వచ్చే అక్షరాలు గానీ బ్యాక్ బటన్ గానీ ఫోకస్ ఉన్న విండోకే చేరతాయి.

దీన్ని ఊహించవలసిన పని లేదు. ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే సాధనం) షెల్‌లో ‘డంప్‌సిస్ విండో’ ఆదేశం ఇచ్చి, వచ్చిన పాఠంలో ‘ఎం కరెంట్ ఫోకస్’ అనే వరుసను వెతికితే ఫోకస్ ఉన్న విండో కనిపిస్తుంది. ఇక్కడొక మెలిక ఉంది. డైలాగ్ విండోకు విడిగా పేరు పెట్టకపోతే అది యాక్టివిటీ పేరుతోనే కనబడుతుంది కాబట్టి, పేరును చూసి యాక్టివిటీయే అనుకోకుండా, దాని ముందుండే అంకెలూ అక్షరాలూ కలిసిన గుర్తింపు సంఖ్య డైలాగ్ తెరవక ముందూ తెరిచాకా మారిందేమో పోల్చి చూడాలి.

డైలాగ్ వచ్చింది, కానీ ఆన్‌పాజ్ పిలుపు రాలేదు

వీడియో నడుస్తుండగా డైలాగ్ తెరిస్తే వీడియో ఆగదు. ఆపే కోడ్‌ను ఆన్‌పాజ్‌లోనే (మరో యాక్టివిటీ ముందుకు వచ్చినప్పుడు సిస్టమ్ పిలిచే మెథడ్) రాసి ఉంటారు. మన యాక్టివిటీ తెరిచిన డైలాగ్ మరో యాక్టివిటీ కాదు కాబట్టి ఆన్‌పాజ్ రాదు, యాక్టివిటీ రెజ్యూమ్ స్థితిలోనే, అంటే నడుస్తూనే, ఉంటుంది. పోయేది విండో ఫోకస్ ఒక్కటే. అందువల్ల ఆన్‌విండోఫోకస్‌ఛేంజ్డ్ మెథడ్‌కు ‘ఫాల్స్’ అందుతుంది. నోటిఫికేషన్ల తెరను కిందికి లాగినప్పుడూ ఇదే జరుగుతుంది. కెమెరా, లొకేషన్ వంటి అనుమతులు అడిగే పెట్టె మాత్రం చూడటానికి డైలాగ్‌లా ఉన్నా నిజానికి సిస్టమ్‌కు చెందిన వేరే యాక్టివిటీ. అది వస్తే ఆన్‌పాజ్ తప్పకుండా వస్తుంది.

డైలాగ్‌ను తెరిచేది మన కోడే అయితే, తెరిచే చోటే వీడియోను ఆపి, డైలాగ్ మూతపడినప్పుడు వచ్చే ఆన్‌డిస్మిస్ పిలుపులో తిరిగి నడపడం మేలు. ఫోకస్ పోయిన ప్రతిసారీ ఆపేయడం నాకు సమ్మతం కాదు. తెరను రెండుగా పంచుకుని పక్క యాప్‌లో ఏదో రాసుకుంటున్న మనిషికి ఇటువైపు వీడియో ఆగిపోవడం చిరాకే. ఆండ్రాయిడ్ 10 నుంచి అలా పక్కపక్కన కనిపించే యాక్టివిటీలన్నీ రెజ్యూమ్ స్థితిలో ఉండగలవు. వాటిలో పైచేయి ఎవరిదో తెలియాలంటే ఆన్‌టాప్‌రెజ్యూమ్డ్‌యాక్టివిటీఛేంజ్డ్‌ను చూడాలి.

ఎవరూ నొక్కకుండానే డైలాగ్‌లో ‘అవును’ పడిపోతోంది

మందులు నిల్వ చేసే ఒక గోదాము కోసం మేం యాప్ రాసినప్పుడు ఈ తప్పు మమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టింది. పెట్టె మీది బార్‌కోడ్‌ను స్కానర్‌తో చదివితే యాప్‌లో నమోదవుతుంది, అదే పెట్టెను రెండోసారి చదివితే “ఇది ఇప్పటికే నమోదైంది, మళ్లీ చేర్చాలా?” అని డైలాగ్ అడుగుతుంది. సాయంత్రం లెక్క చూస్తే కొన్ని పెట్టెలు రెండేసి సార్లు ఎక్కి ఉండేవి. అక్కడ పనిచేసే వాళ్లు డైలాగ్‌లో తామేమీ నొక్కలేదని గట్టిగా చెప్పారు. వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం.

ఆ స్కానర్ బ్లూటూత్ కీబోర్డులా పనిచేసేది: బార్‌కోడ్‌లోని అంకెలను టైపు చేసి చివరన ఎంటర్ కొట్టేది. డైలాగ్ తెరుచుకునే సమయానికి చివరగా వచ్చినవి కీబోర్డు కీలే కాబట్టి ఫోన్ టచ్ మోడ్‌లో (వేలితో తాకి వాడుతున్న స్థితిలో) ఉండదు. అలాంటప్పుడు అలర్ట్ డైలాగ్ తన ముఖ్యమైన బటన్‌కు, అంటే మా ‘అవును’కు, ఫోకస్ ఇస్తుంది. పనివాడు తెర చూడకుండా తరువాతి పెట్టెను స్కాన్ చేస్తాడు. అంకెలు ఏమీ చేయలేక వృథా అవుతాయి, చివరి ఎంటర్ మాత్రం ‘అవును’ను నొక్కేస్తుంది. ఒకే స్కాన్‌తో పాత పెట్టె రెండోసారి ఎక్కుతుంది, కొత్త పెట్టె అసలు ఎక్కదు.

మేం రెండు రోజులు యాక్టివిటీకి వచ్చే కీలను అందుకునే డిస్పాచ్‌కీఈవెంట్‌లో లాగ్‌లు పెట్టి చూశాం. డైలాగ్ ఉన్నంతసేపూ అక్కడికి ఒక్క కీ కూడా చేరలేదు. లాగ్ ఖాళీగా ఉండటమే సమాధానమని, కీలన్నీ డైలాగ్ విండోకు వెళుతున్నాయని ఆలస్యంగా గ్రహించాం. పరిష్కారంగా డైలాగ్‌కే సెట్‌ఆన్‌కీలిజనర్ పెట్టి, బ్యాక్ కీని, వాల్యూమ్ కీలను వదిలేసి, మిగిలిన కీలకు ‘ట్రూ’ తిరిగి ఇచ్చాం. అలా చేస్తే ఆ కీ బటన్ల దాకా పోదు. వచ్చిన అంకెలను పారేయకుండా దాచుకుని, డైలాగ్ మూతపడ్డాక కొత్త స్కాన్‌గా లెక్కించాం. అయితే బాణం కీలతో బటన్ల మధ్య తిరిగేవారు మీ యాప్‌ను వాడుతుంటే ఈ పద్ధతి వారికి దారి మూసేస్తుంది. అందుకే స్కానర్ వాడే తెరల్లో అసలు డైలాగే లేకుండా, అదే పేజీ అడుగున హెచ్చరికను చూపడం మంచిదని నా అభిప్రాయం.

డైలాగ్‌లో గడి ఉంది, కీబోర్డు మాత్రం రావడం లేదు

అలర్ట్ డైలాగ్ తయారయ్యేటప్పుడు తనలో టైపు చేసే గడి ఉందో లేదో ఒకసారి చూసుకుంటుంది. లేదని తేలితే కీబోర్డు రాకుండా ‘ఆల్ట్ ఫోకసబుల్ ఐఎం’ అనే ఫ్లాగ్‌ను (విండో ఎలా నడుచుకోవాలో చెప్పే గుర్తు) తన విండోకు తగిలిస్తుంది. జాబితాలోని వరుసల్లోనో, డైలాగ్‌ను చూపే ‘షో’ మెథడ్ పిలిచిన తరువాత కోడ్‌తో చేర్చినదాంట్లోనో గడి ఉంటే ఆ పరీక్షకు అది చిక్కదు. గడిలో కర్సర్ మిణుకుమంటున్నా కీబోర్డు రాకపోతే ఇదే కారణమని అనుమానించవచ్చు. షో తరువాత డైలాగ్ విండో మీద క్లియర్‌ఫ్లాగ్స్ పిలిచి ఆ ఫ్లాగ్‌ను, దానితో పాటు ‘నాట్ ఫోకసబుల్’ ఫ్లాగ్‌ను తీసేయాలి. కీబోర్డు వెంటనే కనిపించాలంటే సాఫ్ట్ ఇన్‌పుట్ మోడ్‌ను కూడా డైలాగ్ విండోకే పెట్టాలి; యాక్టివిటీ విండోకు పెట్టినది ఇక్కడ పనిచేయదు. అర సెకను ఆగి, కీబోర్డును చూపమని షోసాఫ్ట్‌ఇన్‌పుట్ పిలిచే అతుకులు నెమ్మది ఫోన్ల మీద తప్పుతాయి, ఎందుకంటే విండోకు ఫోకస్ రాకముందు ఆ పిలుపును ఎవరూ పట్టించుకోరు.

బ్యాడ్‌టోకెన్ ఎక్సెప్షన్, లీకైన విండో

డైలాగ్ చూపబోతుండగా యాప్ కూలిపోయి, లాగ్‌లో టోకెన్ (విండో ఏ యాక్టివిటీకి చెందిందో సిస్టమ్‌కు చెప్పే గుర్తు) చెల్లదనే మాట కనిపిస్తే కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి. మొదటిది, డైలాగ్‌కు యాక్టివిటీ బదులు యాప్ మొత్తానికి చెందిన అప్లికేషన్ కాంటెక్స్ట్ ఇవ్వడం. రెండోది, సర్వర్ నుంచి జవాబు వచ్చేలోపు యాక్టివిటీ ముగిసిపోవడం. యాక్టివిటీ కాంటెక్స్ట్‌నే ఇచ్చి, చూపే ముందు ఈజ్‌ఫినిషింగ్, ఈజ్‌డిస్ట్రాయ్డ్ రెండింటినీ పరీక్షించాలి. యాక్టివిటీ పుట్టగానే నడిచే ఆన్‌క్రియేట్‌లో పాపప్ విండో (తెర మీద తేలే చిన్న పెట్టె) తెరిచినా ఇదే దోషం వస్తుంది, ఎందుకంటే యాక్టివిటీ విండో అప్పటికింకా సిస్టమ్‌కు జతపడలేదు. ఆ పనిని వ్యూ (తెర మీద కనిపించే భాగం) మీద ‘పోస్ట్’ ద్వారా వాయిదా వేస్తే సరిపోతుంది.

దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటిది విండో లీక్. డైలాగ్ తెరిచి ఉండగానే ఫోన్‌ను అడ్డంగా తిప్పితే యాక్టివిటీ నశించి కొత్తది పుడుతుంది. పాత డైలాగ్‌ను మూయలేదని లాగ్‌లో ఎర్రగా పడుతుంది కానీ యాప్ కూలదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. తరువాత ఎప్పుడో ఆ పాత డైలాగ్ మీద డిస్మిస్ పిలిచినప్పుడు వ్యూ జతపడి లేదంటూ కూలుతుంది. డైలాగ్‌ను తనలో ఉంచుకుని నడిపే డైలాగ్‌ఫ్రాగ్మెంట్ వాడితే తిప్పినప్పుడు మూయడం, మళ్లీ తెరవడం అదే చూసుకుంటుంది. అయితే యాక్టివిటీ తన స్థితిని దాచుకునే ఆన్‌సేవ్‌ఇన్‌స్టాన్స్‌స్టేట్ తరువాత దాని షో పిలిస్తే ఇల్లీగల్‌స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది. ఈజ్‌స్టేట్‌సేవ్డ్ చూసుకుని, అవసరమైతే ఆన్‌రెజ్యూమ్ దాకా ఆగాలి.

నిండు తెర యాప్‌లో డైలాగ్ రాగానే కింది పట్టీ బయటపడుతోంది

ఫోకస్ డైలాగ్‌కు మారగానే సిస్టమ్ ఆ విండో ఏం కోరుతోందో చూస్తుంది, యాక్టివిటీ కోరిక వెనక్కి పోతుంది. డైలాగ్ విండోకు కూడా, సిస్టమ్ పట్టీలను చూపే, దాచే ఇన్‌సెట్స్ కంట్రోలర్‌తో, వాటిని దాచమని చెప్పాలి. డైలాగ్ మూతపడ్డాక యాక్టివిటీలో ఆన్‌విండోఫోకస్‌ఛేంజ్డ్‌కు ‘ట్రూ’ వచ్చినప్పుడు మరోసారి దాచాలి. పట్టీ ఒక్క క్షణం కూడా మెరవకూడదనుకునేవారు షోకు ముందు డైలాగ్ విండోకు ‘నాట్ ఫోకసబుల్’ ఫ్లాగ్ పెట్టి, షో అయ్యాక తీసేస్తారు. తీయడం మరిచిపోతే డైలాగ్ కళ్లముందే ఉండగా బ్యాక్ నొక్కితే వెనకున్న యాక్టివిటీ మూతపడుతుంది. స్క్రీన్‌షాట్‌ను అడ్డుకునే ‘సెక్యూర్’ ఫ్లాగ్‌కూ ఇదే వర్తిస్తుంది: యాక్టివిటీకి పెట్టినంత మాత్రాన దాని డైలాగ్‌కు రాదు. బ్యాంకు వివరాలో ఆరోగ్య వివరాలో డైలాగ్‌లో చూపేవారు దీన్ని తప్పక సరిచూసుకోవాలి.

పాపప్ విండో బయట తాకినా మూతపడదు, బ్యాక్‌కు పలకదు

పాపప్ విండోకు మొదట ఫోకస్ తీసుకునే గుణం ఉండదు. సెట్‌ఫోకసబుల్‌కు ‘ట్రూ’ ఇస్తే రెండూ పనిచేస్తాయి. ఆండ్రాయిడ్ 6 కంటే పాత ఫోన్లలో బ్యాక్‌గ్రౌండ్ డ్రాయబుల్ (వెనుక గీసే రంగు లేదా బొమ్మ) కూడా ఇవ్వాలి, లేకపోతే బయటి తాకిడి దానికి తెలియదు.

క్లిప్‌బోర్డు ఖాళీగా వస్తోంది

కాపీ చేసిన ఓటీపీని ఆన్‌రెజ్యూమ్‌లో చదివే కోడ్ ఆండ్రాయిడ్ 10 నుంచి ఖాళీ విలువ ఇస్తుంది. ఫోకస్ ఉన్న యాప్‌కూ, ఎంచుకున్న కీబోర్డుకూ మాత్రమే క్లిప్‌బోర్డు తెరుచుకుంటుంది. ఆన్‌రెజ్యూమ్ నడిచే సమయానికి మన విండోకు ఫోకస్ ఇంకా అంది ఉండదు. చదివే వరుసను ఆన్‌విండోఫోకస్‌ఛేంజ్డ్‌లోకి మార్చి, ‘ట్రూ’ వచ్చినప్పుడే చదవాలి. డైలాగ్ మూసిన ప్రతిసారీ ఆ పిలుపు మళ్లీ వస్తుంది కనుక, ఒకసారి గడిలో నింపిన ఓటీపీని రెండోసారి నింపకుండా గుర్తు పెట్టుకోవాలి.