ఆర్థరైటిస్‌తో ఏళ్ల తరబడి హాయిగా గడపాలంటే ఏం చేయాలి?

సీసా మూత తిప్పబోతే బొటనవేలి మొదట్లో కలుక్కుమంటుంది. కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ తొడల మీద ఆనించి, ఒకసారి ఊపిరి బిగబట్టాల్సి వస్తుంది. ఇది నెలల తరబడి సాగుతుంటే చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర రెండే సలహాలుంటాయి. "కదలకుండా రెస్టు తీసుకో" అంటారు ఒకరు. "పట్టించుకోకు, పని చేస్తుంటే అదే సర్దుకుంటుంది" అంటారు ఇంకొకరు. రెండూ వినకండి. పడుకుంటే కీళ్లు ఇంకా బిగుసుకుంటాయి, పంటి బిగువున చేస్తే వాచిపోతాయి. పని మానక్కర్లేదు, చేసే తీరు మార్చుకోవాలి.

ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్ (1841–1919) చివరి పాతికేళ్లూ రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తోనే బొమ్మలు వేశాడు. వేళ్లు వంకర్లు పోయి కుంచె తీసుకోలేని స్థితి వచ్చాక, పక్కవాళ్ల చేత వేళ్ల మధ్య పెట్టించుకునేవాడు. పెద్ద బొమ్మ వేయాలంటే తను జరగక్కర్లేకుండా కాన్వాసునే రోలర్ల మీద తిప్పించుకునేవాడు. కింద చెప్పేవన్నీ ఆ బాపతు ఉపాయాలే.

1. మీది ఏ రకమో ముందు తేల్చుకోండి

ఆర్థరైటిస్ అనేది ఒక్క జబ్బు కాదు, 100కు పైగా రకాలున్నాయి. ఎక్కువ మందిలో కనిపించేది ఆస్టియో ఆర్థరైటిస్, అంటే మనం "గుజ్జు అరిగింది" అంటుంటామే, అది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ సంగతి వేరు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే దారి తప్పి, కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. గౌట్‌లో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో పేరుకుంటాయి. చాలామందికి మొదట కాలి బొటనవేలి దగ్గరే మొదలవుతుంది.

పొద్దున లేవగానే కీళ్లు ఎంతసేపు పట్టేస్తున్నాయో గడియారం చూసి రాసుకోండి. అరుగుదలైతే మామూలుగా అరగంటలోపే వదులవుతాయి. గంట దాటినా వదలకపోతే, రెండు చేతుల వేళ్ల కణుపులూ ఒకేలా వాస్తుంటే రుమటాయిడ్ కావచ్చు, ఆలస్యం చేయకండి. ఆ జబ్బుకు మందులు మొదటి నెలల్లోనే మొదలుపెడితే కీలు దెబ్బతినకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. ఒకసారి కొరుక్కుపోయిన ఎముక మళ్లీ మొదటిలా కాదు. ఈ వ్యాసంలోని జాగ్రత్తలు ఆ మందులకు తోడుగా మాత్రమే పనికొస్తాయి.

ఇక "మెటికలు విరుచుకునేవాడివి, అందుకే వచ్చింది" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. డొనాల్డ్ అంగర్ అనే అమెరికన్ డాక్టరు 60 ఏళ్లకు పైగా ఎడమ చేతి మెటికలు మాత్రమే విరుచుకుని, చివరికి రెండు చేతులనూ పోల్చి చూసుకున్నాడు. ఏ చేతికీ ఆర్థరైటిస్ రాలేదు. ఈ ఓపికకు 2009లో ఇగ్ నోబెల్ బహుమతి (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు సరదాగా ఇచ్చేది) కూడా ఇచ్చారు.

2. రోజూ కదలండి, రెండు గంటల లెక్క చూసుకోండి

కీలులో ఎముకల కొసలను కప్పి ఉండే మృదులాస్థికి (మనం గుజ్జు అనేది దీన్నే) సొంతంగా రక్తనాళాలు లేవు. నొక్కుడు పడి, వదిలినప్పుడల్లా చుట్టూ ఉన్న ద్రవంలోంచి స్పాంజిలా పోషకాలు పీల్చుకుంటుంది. అందుకే కదలిక దానికి తిండి లాంటిది. పైగా మోకాలి బరువును తొడ కండరం పంచుకుంటుంది. తొడ చిక్కిపోతే ఆ భారమంతా కీలు మీదే పడుతుంది.

మొదలుపెట్టడానికి ఒక్క వ్యాయామం చాలు. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి వేసుకోండి. అంచుకు జరిగి కూర్చుని, పాదాలు మోకాళ్లకంటే కాస్త వెనక్కి లాక్కోండి. తల, ఛాతీ ముందుకు వంచి, బరువంతా పాదాల మీదికి వచ్చిందనిపించాక లేవండి. కూర్చునేటప్పుడు ధబాలున పడిపోకుండా మనసులో మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగండి. అసలు పని జరిగేది ఈ దిగడంలోనే. మొదటి వారం అయిదుసార్లు, అదీ కుర్చీ చేతులు పట్టుకునే చేయండి. మోకాళ్లు ఒప్పుకుంటే పదికి పెంచండి, ఆ తర్వాత చేతుల సాయం తగ్గించండి. కుర్చీ పల్లంగా ఉంటే గట్టి దిండు వేసుకోండి. తుంటి మోకాలికంటే కాస్త ఎత్తులో ఉంటే లేవడం సులువు.

ఎంత చేయాలో ఎలా తెలుస్తుంది? వ్యాయామం అయిన రెండు గంటల తర్వాత కూడా నొప్పి మామూలుకంటే ఎక్కువగానే ఉంటే ఆ రోజు మోతాదు మించిందని లెక్క. మానేయొద్దు, మర్నాడు తగ్గించి చేయండి. చేస్తున్నప్పుడు కాస్త నొప్పిగా ఉన్నంత మాత్రాన కీలు అరిగిపోతోందని భయపడకండి. పొడిచినట్టు హఠాత్తుగా వచ్చే నొప్పయితే మాత్రం అక్కడితో ఆపాలి.

వారానికి 150 నిమిషాలు నడక, సైకిలు లాంటివి, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు అనేది పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత. అది విని బెదిరిపోనక్కర్లేదు. పది నిమిషాల చొప్పున ముక్కలు చేసుకున్నా లెక్కలోకి వస్తుంది. నడిస్తే మోకాళ్లు మొరాయిస్తుంటే నీళ్లలోకి దిగండి. నడుం లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో దాదాపు సగం నీరే మోస్తుంది.

కీలు వాచి, వేడిగా ఉన్న రోజున బరువులూ వద్దు, నడక లక్ష్యాలూ వద్దు. అయినా రోజుకు రెండు మూడు సార్లు ఆ కీలును మెల్లగా, తిరిగినంత మేర మాత్రం తిప్పండి. పూర్తిగా వదిలేస్తే అక్కడే బిగుసుకుపోతుంది.

3. పని తీరు మార్చండి

ఇక్కడే ఎక్కువ లాభం ఉంది. కానీ జనం దీనికే తక్కువ సమయం ఇస్తారు.

ముందు చెప్పిన సీసా మూతే తీసుకుందాం. మామూలుగా మూతను వేళ్ల కొసలతో పట్టి బొటనవేలితో నొక్కి తిప్పుతాం. ఆ నొక్కుడు బొటనవేలి మొదట్లో ఉన్న చిన్న కీలు దగ్గరికి వచ్చేసరికి ఎన్నో రెట్లు అవుతుంది. బదులుగా సీసాను తడిగుడ్డ మీద పెట్టండి, జారదు. మూత మీద పల్చటి రబ్బరు ముక్క వేసి అరచెయ్యి మొత్తం ఆనించండి. వేళ్లు వదులుగా ఉంచి, మోచెయ్యీ భుజమూ కదిలేలా తిప్పండి. మూత అదే, చెయ్యీ అదే, బరువు పడే చోటు మాత్రం వేలి నుంచి భుజానికి మారింది. పెద్ద కీలు చేయగలిగిన పనిని చిన్న కీలుకు అప్పగించకూడదన్నది ఇందులోని సూత్రం.

ఇది పట్టుబడితే మిగతావి మీకే తోస్తాయి. సంచిని వేళ్లకు తగిలించుకోకుండా మోచేతికో భుజానికో వేసుకోవడం, కప్పును చెవి పట్టుకోకుండా రెండు అరచేతులతో ఎత్తడం, తలుపును వేళ్లతో కాకుండా భుజంతో నెట్టడం. కత్తి, పెన్ను, టూత్‌బ్రష్ పిడులకు స్పాంజి గొట్టం తొడిగి లావు చేయండి. సన్నటి పిడికంటే లావుపాటి పిడికి తక్కువ బిగింపు చాలు.

చేతికర్ర విషయంలో చాలామంది పొరబడతారు. నొప్పి కుడి మోకాలిలో ఉంటే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కుడి కాలితో పాటే అదీ ముందుకు పడాలి. చెప్పులు వేసుకుని, చెయ్యి వదులుగా వేలాడదీసి నిలబడితే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కర్ర పట్టుకోవడం నామోషీ అనుకునేవాళ్లకు ఒక మాట: కుంటుతూ నడిస్తే రెండో కాలి తుంటి, నడుం కూడా తోడవుతాయి.

నొప్పి తక్కువున్న రోజున వారం పనంతా నెత్తినేసుకుని, తర్వాత మూడు రోజులు మంచం పట్టడం నాకూ అలవాటే. దాన్ని మార్చింది వంటింటి టైమరు. ఇరవై నిమిషాలు పని, అయిదు నిమిషాలు కూర్చోవడం. బాగున్నా సరే, గంట మోగితే కూర్చోవాల్సిందే. మొదట్లో విసుగే, కానీ నెల తిరిగేసరికి మంచాన పడే రోజులు తగ్గాయి.

4. కాపడమా, ఐసా?

బిగుసుకుంటే కాపడం, వాచి వేడిగా ఉంటే ఐసు. ఏదైనా 15–20 నిమిషాలు చాలు, మధ్యలో గుడ్డ అడ్డం ఉండాలి. పొద్దుటి పట్టేతకు గోరువెచ్చటి నీళ్ల స్నానం బాగా పనిచేస్తుంది. మోకాలి నొప్పికి కింద దిండు పెట్టుకుని పడుకుంటే సుఖంగానే ఉంటుంది, కానీ రాత్రంతా అలాగే ఉంచే అలవాటు వద్దు. మోకాలు వంగినట్టే ఉండిపోయి, పూర్తిగా చాపడం కష్టమవుతుంది.

5. బరువు, తిండి

మోకాలి ఆర్థరైటిస్ ఉన్న బరువైనవాళ్ల మీద 2005లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది. అయిదు కిలోలు తగ్గితే అడుగుకు ఇరవై. రోజుకు ఎన్ని వేల అడుగులు వేస్తామో లెక్క వేసుకోండి.

తిండితో ఆర్థరైటిస్ నయమవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. గౌట్‌కు మాత్రం తిండితో నేరుగా సంబంధం ఉంది. మద్యం, ముఖ్యంగా బీరు, కాలేయం లాంటి అవయవ మాంసం, తియ్యటి కూల్‌డ్రింకులు తగ్గించి నీళ్లు బాగా తాగాలి. అప్పటికీ యూరిక్ యాసిడ్ తగ్గకపోతే మందులు వాడాల్సిందే. రుమటాయిడ్ ఉన్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు కూడా ఎక్కువ. కాబట్టి కూరగాయలు, పప్పులు, చేపలు ఎక్కువగా, వేపుళ్లు తక్కువగా తినడం రెండిందాలా మంచిది. పొగతాగడం రుమటాయిడ్ ముప్పును పెంచుతుంది, వచ్చాక మందుల పనితనాన్నీ తగ్గిస్తుంది.

6. మందుల దగ్గర తప్పులు చేయకండి

రుమటాయిడ్‌కు ఎక్కువగా రాసే మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజో డాక్టరు చేత చీటీ మీదే రాయించుకోండి. అది వాడుతూ మద్యం తాగితే కాలేయానికి చేటు. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రెండు రకాలు కలిపి వేసుకోవద్దు. కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ, బీపీ పెరగడం వీటితో వచ్చే చిక్కులు. మోకాలు, చేతి వేళ్ల అరుగుదలకు అయితే డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవచ్చేమో డాక్టరును అడగండి. మాత్రకంటే రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది. కొన్నాళ్లుగా వాడుతున్న స్టెరాయిడ్లను ఉన్నట్టుండి మానకూడదు. పేరూ ఊరూ లేని గోళీలతో నొప్పి ఒక్కరోజులో మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. అలాంటి వాటిలో చెప్పకుండా స్టెరాయిడ్లు కలిపిన ఉదంతాలు చాలానే ఉన్నాయి.

7. ఇవి కనిపిస్తే ఆగొద్దు

ఒకే కీలు గంటల్లో వాచి, ఎర్రబడి, జ్వరం కూడా వస్తే అది మామూలు నొప్పి కాకపోవచ్చు. కీలులో చీము పట్టిందేమో వెంటనే చూపించుకోవాలి, రోజుల్లోనే కీలు పాడవుతుంది. కన్ను ఎర్రబడి నొప్పి పెట్టడం, మెడనొప్పితో పాటు చేతులు తిమ్మిరెక్కి పట్టు జారడం కూడా వాయిదా వేసే సంగతులు కావు.

8. ఇంట్లోవాళ్లకు సరిగ్గా చెప్పండి

ఈ నొప్పి బయటికి కనపడదు. నిన్న మెట్లెక్కినవాళ్లు ఇవాళ మంచం దిగలేకపోతే నటన అనుకునేవాళ్లు ఉంటారు. సున్నా నుంచి పది దాకా ఒక అంకె అనుకుని, పొద్దున్నే "ఇవాళ ఏడు" అని చెప్పేస్తే ఇంట్లోవాళ్లు ఊహించుకోనక్కర్లేదు. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం వారాల తరబడి ఉంటే అదీ డాక్టరుకు చెప్పాల్సిన లక్షణమే. నిద్ర తక్కువైతే మర్నాడు అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది.

సాయం అడిగేటప్పుడు మొత్తం పని అప్పగించేయకండి. "మూత కాస్త వదులు చేసి అక్కడ పెట్టు, మిగతాది నేను చూసుకుంటాను" అనండి.