హాప్ పువ్వు: 4వ పాఠం – మరిగించాలా, నానబెట్టాలా?

పోయిన పాఠం చదివి హాప్ పువ్వుతో (బీరుకు చేదు, వాసన ఇచ్చే తీగ పువ్వు ఇది) టీ కాచుకున్నవాళ్లలో చాలామంది ఒకే మాట రాశారు: ‘నోట్లో పెట్టుకోలేకపోయాం, దీనికన్నా వేపాకు రసమే నయం’ అని. కడప నుంచి రాసినాయన అరగంట మరిగించి, నీళ్లు నాలుగో వంతుకు దిగాక వడకట్టారట. కర్నూలు అక్క చేసిందీ అదే. మన ఇళ్లలో కషాయం కాచే పద్ధతి అది కాబట్టి చెయ్యి అటే పోతుంది. అందుకే ఈసారి చెబుతానన్న బీరు సంగతి కుదించి, ముందు ఈ చేదు లెక్క తేలుస్తాను.

పువ్వు రేకుల అడుగున పసుపుపచ్చగా, జిగటగా ఉండే పొడి లుపులిన్. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు, వాసననిచ్చే నూనెలు రెండూ అందులోనే ఉంటాయి. ఆల్ఫా ఆమ్లాలు నీళ్లలో సరిగా కరగవు. మరిగేకొద్దీ ఐసో ఆల్ఫా ఆమ్లాలుగా మారి, అప్పుడు కరిగి చేదెక్కిస్తాయి. నూనెలు అలా కాదు, మరిగితే ఆవిరితో పాటే పోతాయి. అరగంట మరిగించినవాళ్లకు గిన్నెలో చేదు మిగిలింది, వాసన వంటింటి పాలైంది.

బీరు కాచేవాళ్లు ఈ రెంటినీ సమయంతో విడదీస్తారు. చేదు కోసం కొంత హాప్ మొదట్లోనే వేసి గంటసేపు మరిగిస్తారు. వాసన కోసం ఇంకొంత చివరి ఐదు, పది నిమిషాల్లో వేస్తారు. ఆ చేదు, బీరును పుల్లగా మార్చి పాడుచేసే కొన్ని బాక్టీరియాలను కూడా అణచి ఉంచుతుంది. ఇంగ్లండ్ నుంచి ఓడల్లో మన దేశానికి వచ్చిన బీరు రకం పేల్ ఏల్‌లో హాప్ ఎక్కువ వేసింది అందుకే. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం మన దగ్గర నేరం కాబట్టి, ఇదంతా తెలుసుకోవడానికే.

టీకి మాత్రం నీళ్లు పొంగాక స్టవ్ ఆపి, ఒక కప్పుకు అర గ్రాము పువ్వు వేసి మూత పెట్టండి. పది నిమిషాలు ఉంచవచ్చు. నేను ఐదు నిమిషాలకే వడకట్టి, చిటికెడు సోంపు వేసుకుంటాను. చెంచా కొలత వద్దు. పువ్వును పొడిచేసి నొక్కిన గుళికలైతే ఒక చెంచాకు అర గ్రాముకు ఎన్నో రెట్లు వస్తాయి. ప్యాకెట్ మీద ఆల్ఫా శాతం కూడా చూడండి: సాజ్ రకంలో మూడు నాలుగు శాతం ఉంటే, మాగ్నమ్‌లో పన్నెండు దాటుతుంది.

ఇక నన్ను బాధపెట్టిన విషయం. కొందరు కొన్న హాప్‌ను మిద్దె మీద ఆరబోశారు! మిరపకాయలు, వడియాలు ఎండబెట్టే అలవాటు అది. దయచేసి వద్దు. తోటల దగ్గరే వేడిగాలితో ఒకసారి ఆరబెట్టి, నొక్కి ప్యాక్ చేసి పంపుతారు. మళ్లీ ఆరబెట్టాల్సిన పని లేదు. వేడి, వెలుతురు, గాలి మూడూ లుపులిన్‌ను పాడుచేస్తాయి. అనంతపురం మే నెల ఎండలో మూడూ ఒకేసారి దొరుకుతాయి. రేకులు గోధుమరంగుకు తిరిగి, పాత చీజ్ కంపు వస్తే అది చెడిపోయినట్టే. నీడలో ఆరబెట్టినా, మూత సరిగా లేని డబ్బాలో పెట్టి అలమరలో ఉంచినా అంతే, కాస్త ఆలస్యంగా చెడుతుంది. గాలి తీసేసి, గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. వాడేటప్పుడు కావలసినంత తీసుకుని వెంటనే మూసేయండి.

యూరప్‌లో దీన్ని నిద్రకు, మనసు కుదుటపడడానికి తరతరాలుగా వాడుతున్నారు. నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, హార్మోన్లతో ముడిపడిన క్యాన్సర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా తాగవద్దు. తాగాక బండి నడపవద్దు. వడకట్టిన పిప్పి వీధికుక్కలకు అందేలా పారేయకండి, అవి తింటే ఒళ్లు విపరీతంగా వేడెక్కి ప్రాణం పోవచ్చు.

అభ్యాసం: అర గ్రాము చొప్పున మూడు పాళ్లు తూచండి. ఒకటి స్టవ్ ఆపాక ఐదు నిమిషాలు నానబెట్టండి, రెండోది పదిహేను నిమిషాలు మరిగించండి, మూడోది గంటసేపు మరిగించండి. తగ్గిన నీళ్లు మళ్లీ పోసి మూడూ ఒకే కొలతకు తేవాలి. ఏ గ్లాసు ఏదో తెలియకుండా ఇంట్లో ఒకరి చేత మార్పించి, ఒక్కో గుక్క రుచి చూసి, వాసన, చేదు వేరువేరుగా రాయండి. మరో చిటికెడు హాప్ వారం రోజులు ఎండలో ఉంచి, ఫ్రీజర్‌లో ఉన్నదానితో పోల్చి వాసన చూడండి. ఆ రాతలు నాకు పంపితే ఐదో పాఠం వాటితోనే మొదలుపెడతాను.